ఊరంత ఓడ ఎక్కితే ఏం వస్తుంది, ఏం పోతుంది

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ట్రావెల్స్ బోర్డులు చూస్తే మన మధ్యతరగతి మనసు ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఒకప్పుడు కాశీ, గయ, షిర్డీ. తర్వాత బ్యాంకాక్ వచ్చింది. ఇప్పుడు వాటి పక్కన 'సింగపూర్ విత్ క్రూయిజ్' అని ఇంకో లైను చేరింది. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి జెంటింగ్ డ్రీమ్ లాంటి పెద్ద ఓడలు రెండు, మూడు రాత్రుల ట్రిప్పులు తిరుగుతున్నాయి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: వెళ్ళొచ్చా, డబ్బు దండగా?

వెళ్ళొచ్చు. ఏం కొంటున్నామో తెలిసి వెళ్ళాలి, అంతే. సముద్రం చూద్దామనుకుంటే కళింగపట్నమో, పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచో చాలు. ఇంత పెద్ద ఓడ మనకు అమ్మేది హోటలు, మాల్, థియేటరు, వాటర్ పార్కు, ఫుడ్ కోర్టు. అన్నిటినీ కలిపి నీళ్ళ మీద తేల్చి, అందులో ఒక గది అద్దెకిస్తారు. దాని సుఖాలూ, చికాకులూ రెండూ ఆ పెద్దతనంలోంచే పుడతాయి.

ఎంత పెద్దదో ఒక్క ఉదాహరణ చాలు. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. గ్రాస్ టన్నేజీ 2,48,663. టన్నేజీ అంటే బరువనుకుంటారు చాలామంది, నిజానికి అది ఓడ లోపలి జాగాకు కట్టే లెక్క. టైటానిక్‌కి అది 46 వేల చిల్లర. ఐకాన్ నిండితే ప్రయాణికులు 7,600 మంది, సిబ్బంది 2,350 మంది. మన వైపు ఓ మేజర్ పంచాయతీని ఉన్నపళంగా లేపి, ఒకే కప్పు కింద పడుకోబెట్టినట్టు. 2025 ఆగస్టులో దాని జోడీ 'స్టార్ ఆఫ్ ద సీస్' కూడా నీళ్ళలోకి వచ్చేసింది.

ముందు మంచి చెప్పుకుందాం, ఎందుకంటే అది చిన్నదేం కాదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నాలుగు ఊళ్ళు తిప్పిన వాళ్ళకు తెలుస్తుంది ఆ టెన్షన్. రోజుకో హోటలు, పొద్దున్నే సూట్‌కేసులు సర్దడం, బస్సులో ఎవరో ఒకరికి వాంతులు, మధ్యాహ్నం ఎక్కడ అన్నం దొరుకుతుందో తెలియకపోవడం. ఓడలో ఒకసారి బట్టలు బీరువాలో పెట్టేస్తే దిగేదాకా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. నిద్ర లేచేసరికి ఇంకో ఊరు. లిఫ్టులు, వీల్‌చైరు పట్టే గదులు, రోజంతా భోజనం ఉంటాయి. సింగపూర్ ఓడల్లో మనవాళ్ళు ఎక్కువగా ఎక్కుతారు కాబట్టి ఇండియన్ వెజ్ కూడా దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి తినని అత్తగారిని కూడా ధైర్యంగా తీసుకెళ్ళొచ్చు. తాతలు డెక్కు మీద కుర్చీలో, పిల్లలు జారుడుబల్లల మీద, మధ్యతరం వాళ్ళు ఎవరినీ కాపలా కాయక్కర్లేకుండా. మూడు తరాలు కలిసి వెళ్ళే ప్రయాణానికి ఇంతకంటే సుళువైనది నాకు కనిపించలేదు.

ధర కూడా మరీ ఆకాశంలో ఉండదు. గది, తిండి, షోలు కలిపి చూస్తే అదే స్థాయి విదేశీ రిసార్టుతో పోల్చదగ్గట్టే ఉంటుంది. ఇంధనం, కెప్టెన్, ఇంజిన్ గది ఖర్చు వేలమంది మీద పంచుకుంటే తలసరి తగ్గిపోతుంది కదా. అయితే టికెట్టు చవగ్గా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద క్రూయిజ్ కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు మనం ఓడెక్కాక పెట్టే ఖర్చు నుంచే వస్తుంది.

ఆ ఖర్చు ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూడాలి. ఓడెక్కగానే చేతికి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, గుర్తింపు అదే, పర్సూ అదే. కూల్‌డ్రింకు కావాలా, కార్డు గీకు. వైఫై కావాలా, గీకు. ఫొటోగ్రాఫరు అడగకుండానే ఫ్యామిలీ ఫొటో తీసి గోడకు తగిలిస్తాడు. మనవరాలి నవ్వు చూసి ఏ తాత కొనకుండా ఉంటాడు? నోటు చేతిలోంచి పోతే మనకు నొప్పి తెలుస్తుంది. కార్డుకి ఆ నొప్పి ఉండదు. చివరి రాత్రి బిల్లు చూసుకున్నప్పుడు తెలుస్తుంది.

దీనికి తోడు సర్వీసు టిప్పు. అది మన ఇష్టం అనుకుంటాం గానీ చాలా కంపెనీలు దాన్ని రోజువారీగా బిల్లులో కలిపేస్తాయి. ఐకాన్ నడిపే రాయల్ కరీబియన్ 2025 నాటికి మామూలు గదులకు తలా రోజుకు 18.50 డాలర్లు పెట్టింది. నలుగురున్న కుటుంబం ఏడు రాత్రులు ఉంటే 518 డాలర్లు. ఈ లెక్క మన ఏజెంటు ఇచ్చే పాంప్లెట్‌లో ఉంటుందేమో బుక్ చేసే ముందే వెతుక్కోవాలి. కనిపించకపోతే అడగాలి. మొహమాటపడితే మనకే నష్టం.

ఓడ ఆగిన ఊరు చూస్తామన్న ఆశ సంగతి వేరు. పొద్దున ఎనిమిదికి ఆగి సాయంత్రం అయిదుకి బయల్దేరే ఓడలోంచి అయిదారు వేలమంది ఒకేసారి దిగితే, మొదటి రెండు గంటలు దిగే క్యూకి, చివరి గంట ఎక్కే క్యూకి పోతాయి. మధ్యలో మిగిలిన ఆరు గంటల్లో ఊరు చూడటం అంటే రైలు కిటికీలోంచి విజయనగరం కోట చూసినట్టే. ఓడ ఆగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ వచ్చిన కార్డీలియా ఓడకు, కేసినో మీద అభ్యంతరాలతో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. రేవు మార్చడానికి, వదిలేయడానికి కంపెనీకి హక్కుంటుందని టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. మనం చదవం.

ఆ ఊళ్ళ వాళ్ళ గోడు ఇంకోటి. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులు దాటిన ఓడలను ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలోని జూనో ఊళ్ళో 32 వేల మంది ఉంటే, 2023 సీజన్‌లో 16 లక్షల మందికి పైగా ఓడ ప్రయాణికులు వచ్చిపడ్డారు. 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించకూడదని కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. బార్సిలోనా తన టెర్మినళ్ళను ఏడు నుంచి అయిదుకి తగ్గిస్తానంది. టూరిస్టులతో బతికే ఊళ్ళే ఇక చాలు అంటున్నాయంటే, ఓడలోని జనం ఊళ్ళో పెట్టే ఖర్చు కంటే ఊరికి పెట్టే చాకిరీ ఎక్కువన్నమాట. మూడు పూటలా తిండి ఓడలోనే ఉన్నప్పుడు బయట హోటల్లో ఎవరు తింటారు? కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి సొంత దీవులు చేసుకున్నాయి. బహమాస్‌లో కోకోకే అలాంటిదే. అక్కడ కొబ్బరిబొండాం తాగినా ఆ డబ్బు మళ్ళీ ఓడ ఖాతాలోకే.

భయాల గురించి రెండు మాటలు. మునిగిపోతామేమో అన్న భయం అనవసరం, పెద్ద ఓడలు మొత్తమ్మీద భద్రమైనవే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయిని గుద్దుకుని 32 మంది చనిపోయాక నిబంధనలు గట్టిపడ్డాయి. ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో ప్రాణరక్షణ డ్రిల్ చేయించాలి. మనవాళ్ళు ఆ డ్రిల్ ఎగ్గొట్టి బఫేకి పోతుంటారు. అది మాత్రం వద్దు. అసలు జాగ్రత్త పడాల్సింది కడుపు విషయంలో. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మూసిన చోట జనం ఒకే గరిటె పట్టుకునే దగ్గర పాకుతుంది. దానికి శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బూ నీళ్ళే మందు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ పెద్దాసుపత్రి ఉండదు. గుండె జబ్బో, కిడ్నీ సమస్యో ఉన్నవాళ్ళు డాక్టరు మాట లేకుండా, ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కకూడదు. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఉన్న జిల్లాలో ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

కాలుష్యం లెక్క క్రూయిజ్‌లకు మంచి పేరు తెచ్చేదేం కాదు. ఓడ తనతోపాటు హోటలునీ, ఈతకొలనులనూ, ఏసీలనూ మోసుకు తిరుగుతుంది కాబట్టి, అంతే దూరం విమానంలో పోవడంతో పోలిస్తే తలసరి కార్బన్ సాధారణంగా ఎక్కువే. ఐకాన్ ఎల్‌ఎన్‌జీతో, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువుతో నడుస్తుంది. పొగ తగ్గుతుంది నిజమే, కాకపోతే ఇంజిన్‌లో కాలకుండా జారిపోయే మీథేన్ వేడిని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. మురుగు సంగతికొస్తే, శుద్ధి చేయనిది కూడా తీరానికి 12 నాటికల్ మైళ్ళు దాటాక వదలడానికి అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటాయి. కొత్త ఓడల్లో మంచి శుద్ధి యంత్రాలున్నాయి, పాతవాటి మాట హామీగా చెప్పలేం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఈదివచ్చేది ఇదే సముద్రంలోంచి.

ఈ చర్చలో మన జిల్లాలకు అందరికంటే దగ్గరగా తగిలే ముక్క ఇంకా చెప్పలేదు. ఈ తీరానికి పెద్ద ఓడ కొత్తేం కాదు. మన ముత్తాతల కాలంలో బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో జనం పడవలెక్కి, అలలు దాటి స్టీమర్ చేరుకుని రంగం (బర్మాలోని రంగూన్) పోయేవాళ్ళు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి. వాళ్ళ టికెట్టు డెక్కు టికెట్టు, చాపే మంచం. ఇప్పుడు ఉద్దానం కుర్రాళ్ళు సీమెన్‌గా పోతున్నారు. ఎక్కువమంది సరుకు ఓడలకు, కొందరు క్రూయిజ్‌లలో వంటగదికి, లాండ్రీకి, హౌస్‌కీపింగ్‌కి. అప్పుడు ఓడ పైన ఎండలో చోటు, ఇప్పుడు నీటిమట్టం దగ్గర కింది అంతస్తులో చోటు.

సోంపేట వైపు సెలవుకొచ్చిన ఒక కుర్రాణ్ణి క్రూయిజ్ ఎలా ఉంటుందని అడిగాను. "సముద్రం ఏటి కనపడతాదన్నా మాకు? కేబిన్‌కి కిటికీ ఉండదు. డ్యూటీ అయ్యాక పడుకోడమే" అన్నాడు. ప్రయాణికుల కార్పెట్ల కింద సిబ్బందికి వేరే దారి ఉంటుంది. ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు పోయే ఇనుప కారిడార్. అమెరికా ఓడల్లో దాన్ని 'ఐ-95' అంటారు, అక్కడి హైవే పేరు. ట్రాలీలు, చెత్త సంచులు, మాంసం పెట్టెలు, దుప్పట్ల మూటలు అన్నీ అందులోనే. పైన మనం ఫొటోలు దిగుతున్నంతసేపూ కింద ఆ రోడ్డు ఖాళీ ఉండదు. నావికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కూడా వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. మన దగ్గర ఆఫీసు ఉద్యోగి వారానికి 48 గంటలకే ఉసూరుమంటాడు. 2020 ఫిబ్రవరిలో యోకోహామాలో డైమండ్ ప్రిన్సెస్‌ని కరోనా కోసం ఆపేసినప్పుడు, అందులోని 3,711 మందిలో 712 మందికి జబ్బు సోకింది. ప్రయాణికులు గదుల్లో ఉంటే తలుపు తలుపుకీ భోజనం మోసింది సిబ్బందే. ఓడలో ఉన్న భారతీయుల్లో 132 మంది సిబ్బంది, ఆరుగురు ప్రయాణికులు.

అయినా ఆ ఉద్యోగం చెడ్డదని నేననను. ఆ జీతంతో ఊళ్ళో ఇళ్ళు లేచాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి. సూటిగా చెప్పాలంటే క్రూయిజ్ డబ్బు మన జిల్లాకు టూరిస్టుల జేబుల్లోంచి రావడం లేదు, ఈ కుర్రాళ్ళ అకౌంట్ల ద్వారానే వస్తోంది. అందుకే ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు గుంజే ఏజెంట్లను కట్టడి చేయడం ఏ బీచ్ ఫెస్టివల్ కంటే కూడా మనకు పెద్ద టూరిజం విధానం. ఉద్యోగం వేయించినందుకు సీమన్ దగ్గర డబ్బు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. కేంద్రంలో నౌకాయానాన్ని చూసే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఉద్యోగాల్లో పెట్టే అనుమతి) లైసెన్సు లేనివాడు అసలు పంపనే కూడదు. ఈ రెండు ముక్కలు కవిటి, కంచిలి బస్టాండుల్లో బోర్డులు కట్టి పెట్టినా ఎంతో మేలు.

విశాఖలో సుమారు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు, 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. మంచిదే. 1,800 మందిని మోసే కార్డీలియా ఎంప్రెస్ లాంటి ఓడను ఆ నగరం తట్టుకోగలదు. దాన్ని చూసి మన నాయకులు రేపు అరసవల్లికి, శ్రీకూర్మానికి ఓడ ప్రయాణికులు తండోపతండాలుగా వస్తారని ఉపన్యాసాలిస్తే నమ్మకండి. పగలు ఆగి సాయంత్రం పోయే ఓడకు విశాఖ నుంచి విజయనగరం అరవై కిలోమీటర్లు కాబట్టి కోట, రామతీర్థం సాధ్యమే. శ్రీకాకుళం దాకా వెళ్ళిరావడానికే అయిదు గంటలు పోతే, ఓడ మనకోసం ఆగదు. పోనీ ఏడు వేలమంది ఓడే వచ్చిందనుకోండి, అందరినీ ఎక్కించడానికి నూట యాభైకి పైగా బస్సులు కావాలి.

మన తీరానికి నప్పేది చిన్నది. వందమందో, నూట యాభై మందో ఎక్కే ఓడ, రెండు రాత్రులు ఇక్కడే దిగి ఉండే జనం. శాలిహుండం బౌద్ధ స్తూపాలు, తేలినీలాపురం పక్షులు, పొందూరు మగ్గాలు చూడాలంటే తొందర పనికిరాదు. దానికి ముందు జెట్టీలు కావాలి. అవి లేకే మన మత్స్యకారులు గుజరాత్ వెరావల్ దాకా వలసపోతున్నారు. 2018 నవంబరులో అలా పోయిన మనవాళ్ళు పాకిస్తాన్‌కు పట్టుబడి పద్నాలుగు నెలల దాకా జైల్లో మగ్గారు. మన పడవలు ఆగే జెట్టీ కడితే దాని పక్కన టూరిస్టు పడవ కూడా ఆగుతుంది. టూరిస్టుల కోసమే కట్టిన జెట్టీలోకి మాత్రం వలలు, చేపల తట్టలు రానిస్తారో లేదో అనుమానమే. టెండరు పిలిచే రోజునే ఇది తేల్చుకోవాలి.