లంఖణం మూడు రోజులకే, మూడు నెలలకు కాదు

జ్వరం తగ్గింది. ప్లేట్‌లెట్లు పెరిగాయి. రిపోర్టులన్నీ నార్మల్. అయినా అమ్మ మంచం దిగడం లేదు. నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగుతున్నాయంటుంది, మధ్యాహ్నానికి కూర్చున్నచోటే తూగుతుంది. వానలు వెనకబడ్డాక విశాఖలో ఏ వీధిలో పలకరించినా ఇదే మాట. డెంగీ, చికున్‌గున్యా, ఫ్లూ, కోవిడ్... ఏది వచ్చి పోయినా అరవై దాటినవారిలో చాలామందిని నీరసం వారాల తరబడి వదలదు. ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటున్నాం. ఆ నీరసంలో వైరస్ వాటా ఉంది, కాదనను. కానీ పెద్ద వాటా మనం పెట్టే పథ్యానిది.

ఆ పథ్యాన్ని ఒకసారి లెక్కేయండి. పొద్దున రెండు ఇడ్లీలు, పదకొండింటికి కొబ్బరి నీళ్లు, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో బీరకాయ కూర, పలుచటి మజ్జిగ, సాయంత్రం టీలో రెండు బ్రెడ్ ముక్కలు, రాత్రి గ్లాసుడు చోడి (రాగి) జావ. ఇడ్లీల్లో ప్రొటీన్ 4 గ్రాములు, భోజనంలో ఏడెనిమిది, బ్రెడ్‌లో మరో నాలుగు. జావలో పడేది 20 గ్రాముల పిండి, అందులో ఒకటిన్నర గ్రాము ప్రొటీన్ కూడా ఉండదు. రోజంతా కలిపినా 20 గ్రాములు దాటదు. జబ్బు నుంచి కోలుకునే పెద్దవారికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలన్నది పోషకాహార నిపుణుల మాట. 60 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 72 గ్రాములు. మనం పెడుతున్నది అందులో మూడో వంతు కూడా లేదు.

జ్వరంలో ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. దానికి మంచం తోడైతే నష్టం ఇంకా వేగం. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన 2007 నాటి అధ్యయనంలో కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. అదీ ఆరోగ్యవంతుల్లో, తిండికి లోటు లేకుండా. జ్వరంతో, జావతో గడిపిన ఒంటి సంగతి వేరే చెప్పాలా?

పెద్ద వయసు కండ కొంచెం ప్రొటీన్‌కు కదలదు. అయిదేసి గ్రాములు రోజంతా చల్లితే పెద్దగా ఫలితం ఉండదు. పూటకు 25 గ్రాములకు అటూ ఇటూ ఒకేసారి అందాలి. ఇదేమీ ఖరీదైన డబ్బాల వ్యవహారం కాదు. 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే రెండు పెసరట్లు: 14 గ్రాములు. పక్కన ఒక ఉడికించిన గుడ్డు 6, గ్లాసు పాలు 8. ఉదయం పూట తీరిపోయింది. మధ్యాహ్నానికి 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, దానికి చిన్న చేప ముక్క. హార్బర్‌లో దొరికే కానాగంతలు చాలు, వంజరమే అక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో చేప ధర అందకపోతే గుడ్డే దిక్కు. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవారికి రోజూ పెట్టకూడదు. శాకాహారులకు 25 గ్రాముల మీల్‌మేకర్‌లో 13 గ్రాములుంటుంది. మెత్తగా ఉడికించి, నీళ్లు పిండేసి, తరిగి కూరలో కలపాలి.

జావ మానక్కర్లేదు, దాన్ని బలపరచాలి. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి ఉడికించి, పొయ్యి మీంచి దించాక, గోరువెచ్చటి నీళ్లలో విడిగా కరిగించిన 15 గ్రాముల వెన్న తీసిన పాలపొడి పోయాలి. మరిగే జావలో పొడిగా చల్లితే ఉండలు కడుతుంది, పెద్దాయన ఒక గుక్క తాగి పక్కన పెట్టేస్తారు. ఈ ఒక్క మార్పుతో గ్లాసుకు 5 గ్రాములు పెరుగుతుంది.

‘అరగదు’ అంటారు. జ్వరం ఉన్న రెండు మూడు రోజులు నిజమే, లంఖణం పరమౌషధం అన్న మాట ఆ రోజులకు సరిపోతుంది. కిడ్నీ జబ్బున్నవారికి ఈ లెక్క వర్తించదు, వారు డాక్టరు చెప్పిన కొలతే తినాలి. మిగిలినవారిలో అరగకపోవడం కంటే నమలలేకపోవడం, రుచి తెలియకపోవడమే ఎక్కువ. పళ్లు లేకపోతే గుడ్డు చిదిమి పెట్టండి, నోరు చప్పబడితే నిమ్మరసం, అల్లం, కరివేపాకు పొడి ఉన్నాయి. భోజనానికి ముందు టీతో కడుపు నింపకండి.

చప్పిడి తిండికి ఇంకో ప్రమాదం ఉంది. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర వేసుకుంటూ, ఉప్పు లేని జావ, లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. తూలడం, మగతగా ఉండటం, మాట తడబడటం దాని గుర్తులు. కొన్ని రకాల షుగరు మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటూ సగం తిండి తింటే షుగర్ డౌన్ కావచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గి నీరసం ముదరొచ్చు. నెల దాటినా లేవలేకపోతే హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, థైరాయిడ్, బి12 చూపించాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు ఉంటే నెల ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి ఒక్కటే కండ పెట్టదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడం, రోజుకు రెండు పూటలు, అక్కడ మొదలుపెట్టాలి. కాస్త బాగుందని మొదటి రోజే బీచ్ రోడ్డు చివరిదాకా నడిస్తే రెండో రోజో మూడో రోజో మళ్లీ మంచమే. అలా కూలబడేవారు పట్టుదలకు పోకూడదు, చేయగలిగినదాంట్లో సగమే చేయాలి.

అసలు చిక్కు ఇంటికంటే పెద్దది. బడి పిల్లలకు గుడ్డు పెడుతున్నాం, అంగన్‌వాడీలో గర్భిణులకు గుడ్డు, పాలు ఇస్తున్నాం. రెండూ సరైన పనులే. పెద్దాయనకు మాత్రం ఒకటో తారీఖున 4,000 రూపాయల పింఛను చేతికిచ్చి ఊరుకుంటున్నాం. అందులో మందులు, కరెంటు పోగా పప్పుకు మిగిలేదెంత? గాజువాకలోనో జ్ఞానాపురంలోనో ఒంటరిగా ఉన్న ముసలమ్మ తనకోసం విడిగా గుడ్డు ఉడకబెట్టుకోదు. మనవలుంటే వాళ్ల పళ్లెంలో వేస్తుంది. జ్వరాల సర్వేకు ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త చేతనే, జ్వరం తగ్గిన అరవై పైబడినవారికి ఆరు వారాల పాటు రోజుకు రెండు గుడ్లు, నెలకు కిలోన్నర పప్పు అందేలా చేయొచ్చు. ఆసుపత్రులు కూడా డిశ్చార్జి కాగితం మీద ‘మెత్తటి ఆహారం’ అని వదిలేయకుండా గ్రాములు రాయాలి: బరువు ఇంత, రోజుకు ప్రొటీన్ ఇంత, ఆరు వారాలకు మళ్లీ వచ్చి తూకం చూపించుకోవాలి.