అలసిపోయే దాకా

మధ్యయుగపు వేల్స్ ఆస్థాన కవుల ప్రస్తావన రాగానే కొందరు పెద్దమనుషులు అరమోడ్పు కన్నులతో "కళాపోషణ అంటే అదీ!" అంటారు. వాళ్లను ఎవరైనా పదో శతాబ్దపు వేల్స్ రాజు హవెల్ ద పేరుతో చెలామణి అయిన వెల్ష్ చట్టం ముందు కాసేపు కూర్చోబెట్టాలి. అందులో కవిత్వానికి కొలతలున్నాయి. కవి రాజును యాచిస్తే ఒక పాట పాడాలి. కులీనుణ్ణి యాచిస్తే మూడు. తయోగ్‌ను, అంటే ప్రభువు భూమికి కట్టుబడ్డ దాసరైతును యాచిస్తే, అలసిపోయే దాకా పాడాలి.

ఎంత దయ! రాజుగారి చెవులు సుకుమారమైనవి గనుక ఒక్క పాటతో వదిలేశారు. రాణిగారు కోరితే గదిలోకి వెళ్లి, సభకు భంగం కలగకుండా మెల్లగా పాడాలట. తయోగ్ చెవుల గురించి ధర్మశాస్త్రకారులు పట్టించుకోలేదు.

ఆ గుడిసెను ఊహించుకోండి. పొయ్యి పొగ, మూల ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు, మధ్యలో రాజుగారిచ్చిన హార్ప్‌తో కవిగారు. సైన్యం కొల్లసొమ్ము పంచుకునేటప్పుడు 'బ్రిటన్ ఏలుబడి' పాడినందుకు ఆయనకు ఇదివరకే ఒక పశువు దక్కింది. ఇప్పుడు మేక కావాలి. రాజుగారి ముత్తాత ఎన్ని తలలు నరికాడో చెబుతూ ఏడో పాట ఎత్తుకున్నారు. ఇల్లాలు ఉన్న ఒక్క రొట్టే ముందు పెట్టింది, తిని వెళతాడేమోనని. తిన్నారు, గొంతు తెరుచుకుంది. "మేకను తోలుకుపోండి బాబూ" అన్నాడు తయోగ్, తొమ్మిదో పాట దగ్గర. కవిగారు దాన్ని మెచ్చుకోలుగా స్వీకరించి పదోది మొదలుపెట్టారు. ఆవు ఈనింది. దూడ కూడా విన్నది.

ఆ పొగడ్తలకైనా నిలకడ ఉందా అంటే, 'పందుల కవి' (బిరుదు నేనిచ్చింది కాదు, చరిత్రలో ఉన్నదే) ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్య పాలకుడు దావిద్‌ను కీర్తించాడు. 1194లో ఆ దావిద్‌ను ఓడించిన లెవెలిన్‌నూ కీర్తించాడు. పోనీండి, పొట్టకూటి విద్య.

కానీ ఆ చట్టంలోనే మరో మాట ఉంది. తయోగ్ కొడుకు ప్రభువు అనుమతి లేకుండా మూడు విద్యలు నేర్వకూడదు: చర్చి చదువు, కమ్మరం, కవిత్వం. వాడి బార్లీ కావాలి, వాడి మేక కావాలి, రాత్రంతా వాడి చెవులు కావాలి. వాడి బిడ్డ నోట ఒక్క చరణం పలికితే మాత్రం నేరం! పాట ఎవడబ్బ సొమ్మని తాళం వేశారు? ఏ ముత్తాత కష్టపడి దున్నిన మడి అది? దీన్నా మీరు కళాపోషణ అంటున్నారు?

గుడిసె గుమ్మం పక్కన ఆ పిల్లవాడు పెదవులు కదుపుతున్నాడు. పన్నెండో పాటలో అంత్యప్రాసను కవిగారికంటే ముందే అందుకున్నాడు. తండ్రి చప్పున వాడి నోరు మూశాడు.

కవిగారు ఇంకా అలసిపోలేదు.