అడగకుండా బయల్పాటు వస్తుందా?

(హైదరాబాదులో ఒక ఇంట, ఆదివారం కూడిక ముగిశాక ఇద్దరు మాట్లాడుకున్నట్టుగా దీన్ని రాశాను. లోకం మోర్మన్లని పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ఇద్దరూ సభ్యులే. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘానికి కేంద్రం యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. సంఘాధ్యక్షుణ్ణే వీరు ప్రవక్త అంటారు; దేవుడు ప్రవక్తకు తెలియజేసేది బయల్పాటు. వార్డులనే స్థానిక కూడికలు కొన్ని కలిస్తే ఒక స్టేక్. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. పన్నెండేళ్ళ మగపిల్లవాడికి దొరికే యాజకత్వం, అంటే దేవుని పేర మతకర్మలు జరిపే అధికారం, స్త్రీకి ఏ వయసులోనూ దొరకదన్నదే వీరి తగవు. నేను మేనకోడలి పక్షం.)

మామయ్య: సంస్కరణ అనే మాటే నాకు మింగుడు పడదమ్మా. సహకార సంఘాన్ని సంస్కరించవచ్చు, పంచాయతీని సంస్కరించవచ్చు. ప్రవక్త ద్వారా దేవుడే నడిపించే సంఘాన్ని సభ్యులు చక్కదిద్దుతామని బయలుదేరితే, ఇక ప్రవక్త ఎందుకు?

మేనకోడలు: మన సంఘం మారినంతగా మారిన సంఘాలు తక్కువ, మామయ్యా. బహుభార్యాత్వం దేవుని ఆజ్ఞ అని నమ్మి జైళ్ళకు వెళ్ళిన పెద్దలున్నారు. 1890లో అప్పటి ప్రవక్త విల్ఫర్డ్ ఉడ్రఫ్ ప్రకటనతో దానికి స్వస్తి పలికి, అది చాలక 1904లో మరో ప్రకటన చేయవలసి వచ్చింది. నల్లజాతి పురుషులకు యాజకత్వం లేదని 1852లో, జోసెఫ్ స్మిత్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ ప్రకటించారు. జోసెఫ్ స్మిత్ బతికి ఉండగానే, 1836లో, ఎలైజా ఏబుల్ అనే నల్లజాతీయుడు యాజకత్వం పొందిన సంగతి మరుగున పడిపోయింది. 126 ఏళ్ళ పాటు ఆ నిషేధానికి, బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను శాపమనీ, ఈ లోకానికి రాకముందే ఆ ఆత్మలు వెనకబడ్డాయనీ కారణాలు చెప్పారు. 1978 జూన్‌లో నిషేధం తొలగింది. ఆ కారణాలను 2013లో సంఘమే తన వ్యాసంలో తోసిపుచ్చింది. మరి 1977లో ఇది తప్పని చెప్పినవాణ్ణి మీరు ఏమంటారు?

మామయ్య: తొందరపడ్డాడంటాను. 1978లో ఓట్లు లెక్కపెట్టలేదు. అప్పటి ప్రవక్త స్పెన్సర్ కింబల్ గారు ఆలయంలో మోకరించి నెలల తరబడి దేవుణ్ణి అడిగారు.

మేనకోడలు: అడిగారు, నేను చెప్పేదీ అదే. ఆయన చేత అడిగించింది ఏమిటి? బ్రెజిల్‌లోని సావో పాలోలో ఆలయం లేస్తోంది; అక్కడ ఎవరి రక్తంలో ఆఫ్రికా ఉందో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఘానా నుంచీ నైజీరియా నుంచీ బాప్తిస్మం కోరుతూ ఉత్తరాలు వస్తున్నాయి. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు ప్రవక్తను ధిక్కరించారా? పొగాకు, టీ వంటివి వద్దనే 1833 నాటి జ్ఞానవాక్యం మాత్రం ఎలా వచ్చింది? పొగాకు ఉమ్ముతో పాడైన నేలను కడగలేక ఎమ్మా స్మిత్ విసిగిపోతే, ఆమె భర్త జోసెఫ్ ఆ విషయం దేవుణ్ణి అడిగారని బ్రిగమ్ యంగ్ స్వయంగా చెప్పారు.

మామయ్య: జ్ఞానవాక్యం పేరెత్తావు కనుక అడుగుతున్నాను. మొన్న పెళ్ళిలో నీ చేతిలో చాయ్ కప్పు చూశామని నలుగురు చెప్పారు.

మేనకోడలు: అత్తయ్యకు అందించాను, తాగలేదు. అయినా, ఆ బయల్పాటు మొదట్లోనే ఇది ఆజ్ఞ కాదు, నిర్బంధం కాదు అని ఉంది. అందులో ఉన్నది ‘వేడి పానీయాలు’ అన్న మాటే. టీ, కాఫీ అని అర్థం తర్వాత చెప్పారు. ఇప్పుడు చల్లారిన టీ తప్పు, పొగలు కక్కే పాలు ఒప్పు.

మామయ్య: ఈ ఊళ్ళో చాయ్ వద్దనడం అంటే ఏమిటో నీకు తెలుసా? పాతికేళ్ళ ఉద్యోగంలో రోజూ నాలుగు గంటలకు అందరూ కలిసి బయటికి వెళ్తుంటే నేను ఒక్కణ్ణే బల్ల దగ్గర కూర్చున్నాను. అది ఒట్టి పరిపాలనా నిబంధన అని రేపు తేల్చేస్తే, నా పాతికేళ్ళకు విలువేమిటి?

మేనకోడలు: ఆ మాటకు నేను తల వంచుతాను. మీ నిష్ఠను కాదనడం నా ఉద్దేశం కాదు.

మామయ్య: అయితే ఇదీ విను. జోసెఫ్ స్మిత్ కుమారుడు నడిపిన శాఖను ఇప్పుడు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అంటున్నారు. నువ్వు కోరేదే వాళ్ళు 1984లో చేశారు. స్త్రీలకు యాజకత్వం ఇచ్చారు. వేలమంది విడిపోయారు. చివరికి 2024లో తొలినాటి కర్ట్‌లాండ్ ఆలయాన్నే మన సంఘానికి అమ్ముకున్నారు. కాలంతో పాటు నడిచిన ఇల్లు అమ్ముడుపోయింది, ఆగి నిలబడ్డ ఇల్లు కొనుక్కుంది.

మేనకోడలు: గట్టి దెబ్బే, మామయ్యా, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆగి నిలబడటానికి అయిన ఖర్చు ఎవరు భరించారో కూడా చూడండి. స్వలింగ దంపతుల పిల్లలకు బాప్తిస్మం వద్దని 2015 నవంబరులో నియమం పెట్టి, 2019 ఏప్రిల్‌లో తీసేశారు. మన దగ్గర బాప్తిస్మం ఇచ్చేది ఎనిమిదేళ్ళకు; ఆ మధ్యలో ఎనిమిదేళ్ళు నిండి బాప్తిస్మం కోసం ఎదురుచూసిన పిల్లలకు ఎవరు సమాధానం చెప్పారు? స్త్రీలకు యాజకత్వం కావాలని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో సంఘం నుంచి వెలివేశారు. అయిదేళ్ళు దాటాక బాప్తిస్మానికి స్త్రీ సాక్షిగా నిలబడవచ్చన్నారు. నిలబడి చూడటానికే అంత కాలం పట్టింది. ప్రతి ఆదివారం యాజకత్వం ఉన్న తమ్ముడు రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని నా వరుస దగ్గరికి వస్తాడు. దాన్ని పక్కవాళ్ళకు నేను అందిస్తే తప్పు లేదు, లేచి రెండడుగులు నడిచి అందిస్తే తప్పు. పైగా ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1842లో ఇల్లినాయ్‌లోని నావూలో మన స్త్రీల సంస్థ రిలీఫ్ సొసైటీ ఏర్పడినప్పుడు, స్త్రీలు రోగుల మీద చేతులుంచి ప్రార్థించడంలో దోషం లేదని జోసెఫ్ స్మిత్ చెప్పారు. యూటాలో మన సంఘం స్త్రీలు తరాల తరబడి అలా చేశారు. అమ్మమ్మకు ఊపిరాడని రాత్రి ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఉన్నాం. రోగికి నూనె రాసి దీవించే అధికారం యాజకత్వం ఉన్నవాళ్ళకే కనుక, మీ తాళాల గుత్తికి వేలాడే ఆ వేలెడంత నూనె సీసా కోసం, వానలో మీరు సికింద్రాబాదు నుంచి వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాం.

మామయ్య: నేను వచ్చేసరికి మీ అమ్మ చేయి మా అమ్మ నుదుటి మీదే ఉంది. నూనె రాయాలి, చేయి తియ్యమన్నాను.

మేనకోడలు: తీసేసింది.

మామయ్య: ఆ మాట అనకుండా ఉండవలసింది. అయినా నాకు లేని అధికారంతో నియమం మార్చలేను. అడగాలనుకుంటే అడుగు, సంఘం లోపల ఉండి అడుగు.

మేనకోడలు: లోపలే ఉన్నాను. వచ్చే ఆదివారం రిలీఫ్ సొసైటీలో పాఠం నాదే. 1842 నాటి ఆ మాటలే చదువుతాను.