తొమ్మిదేళ్ల తల్లిని ఎలా నమ్మారండీ?

ఇప్పుడే ఇంకో అమెరికన్ వంశవృక్షం షేరయింది. వర్జీనియాలో 1680లో పుట్టినవాడికి తల్లిగా పెట్టినామె పుట్టింది 1671లో! దాన్ని ఒకరి తర్వాత ఒకరు కాపీ కొట్టి తమ చెట్టుకి తగిలించుకుంటున్నారు. తీసివేత కూడా రాదా?

వెతకడం పూర్వీకులు అమెరికాకి వచ్చిన మొదటి ఓడ దగ్గర మొదలుపెట్టకూడదు బాబూ. తెలిసిన తాత నుంచి ఒక్కో తరమే వెనక్కి వెళ్లాలి. వీడు వాడి కొడుకే అని చెప్పే కాగితం ప్రతి తరానికీ దొరకాలి. 1880 జనాభా లెక్కల్లో ఇంటిపెద్దకి ఎవరు ఏమవుతారో ఉంటుంది. 1850లో ఇంట్లోవాళ్ల పేర్లుంటాయి, చుట్టరికం ఉండదు. 1790 నుంచి 1840 దాకా ఇంటిపెద్ద పేరొక్కటే, మిగతావాళ్లంతా అంకెలు. సరిగ్గా అక్కడే అందరూ ఊహలకి దిగుతారు. కౌంటీ (మన జిల్లాలాంటిది) కోర్టులో వీలునామాలు, పన్ను జాబితాలు, భూమి దస్తావేజులు ఎవరి కోసం ఉన్నాయి? భూమి అమ్మినప్పుడు భార్య తన హక్కు వదులుకున్నట్టు చాలా చోట్ల రాయించేవారు. ఎందరో ఆడవాళ్ల పేరు మిగిలింది ఆ ఒక్క దస్తావేజులోనే. కౌంటీ చీలిందా, పాత కాగితాలు తల్లి కౌంటీలోనే వెతకాలి.

సీనియర్, జూనియర్ అని కనిపిస్తే చాలు, తండ్రీకొడుకులని రాసేస్తారు. అప్పట్లో ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాడెవరో తెలియడానికి కూడా అలా రాసేవారు. పెద్దాయన పోతే జూనియరే సీనియరయ్యేవాడు. తేదీలతో చేసే అన్యాయం ఇంకా ఘోరం. 1752కి ముందు ఇంగ్లీషు కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. అంటే 1720 ఏప్రిల్ తర్వాతే 1720 ఫిబ్రవరి. ఏప్రిల్‌లో పెళ్లయి ఫిబ్రవరిలో బిడ్డని కన్న ఇల్లాలికి పెళ్లికి ముందే కాన్పయిందని అంటగడుతున్నారు!

ఇంత తప్పుల తడకా 1620లో ఇంగ్లండ్ నుంచి వలసవాళ్లని తెచ్చిన మేఫ్లవర్ ఓడలోనో ఇంగ్లండ్ రాజుల్లోనో కలవడానికే. నల్లజాతి కుటుంబాలకి ఏం మిగిల్చారో చూడండి. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరుంటుంది. బానిసలకి వయసు, లింగం, రంగు, అంతే. చాలామంది పేరు జనాభా లెక్కల్లోకి ఎక్కిందే బానిసత్వం పోయాక, 1870లో. విడుదలైన బానిసల కోసం 1865–1874 మధ్య నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల్లో కొందరి తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. అంతకుముందు పేర్లు కావాలంటే చాలాసార్లు యజమాని చనిపోయాక రాసిన ఆస్తి జాబితాయే గతి. మనుషుల పేర్లు, పక్కన ధర, కింద పశువులు, మంచాలు.

ఆ జాబితాలు, వీలునామాలు చేతిలో ఉన్న యజమానుల వారసులు తమ ముత్తాత పేరున్న పేజీ ఒక్కటే పెడుతున్నారు. మిగతా పేజీలు ఎందుకు దాస్తారు? వాటిల్లో వేరేవాళ్ల ముత్తవ్వలున్నారు. మొత్తం పెట్టండి.