బోర్మాలో మైనస్ ఎనిమిది

పలాసలో మా మావయ్యకి చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే మరీ ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, పిక్కలు ఉడికించే బాయిలరు, వాటిని చీల్చే కటింగ్ మిషన్లు నాలుగు, పప్పు ఆరబెట్టే బోర్మా ఒకటి, వీటన్నిటి మీదా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచే మావయ్య ఒకడు.

నేను బీటెక్, ఈసీఈ. ఈ సంగతి కాశీబుగ్గ బస్టాండులో టీ కొట్టాయనకి కూడా తెలుసు. మావయ్య ఎవరితో ఏం మాట్లాడినా చివర్లో "మా మేనల్లుడు బీటెక్కండి" అని ముక్తాయింపు ఇస్తాడు మరి. దాని ఫలితం ఏమిటంటే ఫ్యాన్ తిరక్కపోతే నేనే, టీవీలో గీతలొస్తే నేనే, బ్యాంకు ఓటీపీ రాకపోయినా నేనే. నేను చదివింది ఏమిటో నాకే సరిగ్గా గుర్తులేదన్న సంగతి మాత్రం మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ చర్చకు రాలేదు.

కిందటి మార్చిలో, విశాఖ నుంచి సరుకు కొనే పార్టీ ఒకాయన కొత్త పేచీ పెట్టాడు. బోర్మాలో ఎంత వేడి పెట్టారో ప్రతి బ్యాచ్‌కీ రికార్డు పంపాలట. మావయ్య ఆ రాత్రే కొత్త నోట్‌బుక్ కొని, నెల రోజుల రికార్డూ ఒకే పెన్నుతో, కూర్చున్న చోటు నుంచి లేవకుండా రాసేశాడు. 65, 65, 65, 65. పార్టీ ఆయన ఫోటో చూసి, "ఏవండీ, ఇదేమన్నా పింఛనా, రోజూ ఒకే అంకె రావడానికి?" అన్నాడు.

అలా డేటా లాగర్, అంటే వేడిని తనంతట తనే కొలిచి రాసిపెట్టుకునే పరికరం, అవసరం పడింది. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీ పాత సామాను అమ్ముతుంటే, సగానికి సగం ధరకి బేరమాడి, చేతి రుమాల్లో చుట్టి తెచ్చాడు. ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. "పుస్తకం ఎందుకురా, నువ్వున్నావు కదా" అన్నాడు.

వస్తువు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత. పైన తెర, దాని కింద ఆరు బటన్లు. నెత్తి మీద వరసగా నాలుగు పసుప్పచ్చ సాకెట్లు, టీ1 నుంచి టీ4 దాకా పేర్లు. పక్కన రబ్బరు మూత ఉంది. అది లాగితే యూఎస్‌బీ తీగ పెట్టే చోటు, మెమరీ కార్డు దూర్చే సందు, అడాప్టర్ గుచ్చే గుండ్రటి కన్నం. వెనక బ్యాటరీల తలుపు, స్టాండుకి బిగించుకునే మరకన్నం, ఇనుము కనిపిస్తే చాలు అతుక్కుపోయే అయస్కాంతం.

మావయ్య పవర్ బటన్ నొక్కాడు. తెర మీద ఏదో మెరిసి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"సచ్చిందిరా. మోసం జరిగింది" అన్నాడు.

నేను తీసుకుని మూడు సెకన్లు నొక్కి పట్టుకున్నాను. వెలిగింది. షెడ్డులో పప్పు ఏరుతున్న ఆడవాళ్లంతా నా వైపు చూశారు. మావయ్య మొహంలో ఆ వెలుగు చూసి నాకు కూడా కాస్త పొగరెక్కింది. ఆ రోజు జరిగినదంతా ఆ మూడు సెకన్ల వల్లే అని ఇప్పటికీ నా నమ్మకం.

ఎంతసేపటికోసారి లెక్క రాయాలి అని అది అడిగింది. "సెకనుకోసారి పెట్టు. క్షణక్షణం తెలియాలి" అన్నాడు మావయ్య. పప్పు బోర్మాలో ఎనిమిది గంటలుంటుంది, సెకనుకోటి అంటే 28,800 అంకెలు, ఆ పార్టీ ఆయన చదవలేక చచ్చిపోతాడు అని చెబితే మావయ్య కళ్లు మెరిశాయి. బతిమాలి నిమిషానికి ఒకటి పెట్టించాను. వేడి 60 దాటాక మళ్లీ అంతకంటే కిందకి పడిపోతే అరవమని అలారం పెట్టాను. అటూ ఇటూ చేతులు తగలకుండా రెండు బటన్లు కలిపి నొక్కి తాళం కూడా వేశాను. తెర మూల చిన్న తాళంకప్ప బొమ్మ వచ్చింది. ఆ తాళం ఎలా వేశానో అప్పుడు గుర్తుంది.

ఇక సెన్సారు. దీన్ని థర్మోకపుల్ అంటారు, మాది కే టైపు. మందుల కంపెనీ వాళ్లు తీగనీ, ప్లగ్గునీ విడివిడిగా ఇచ్చారు. తీగ పైన గోధుమరంగు తొడుగు, లోపల రెండు పోగులు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ప్లగ్గు బొటనవేలి గోరంత ఉంటుంది. దానికి రెండు చదును రేకులు, ఒకటి వెడల్పు, ఇంకోటి సన్నం. తిరగేసి పెడదామన్నా సాకెట్లోకి దూరదు. తప్పు చెయ్యడానికి వీల్లేకుండా ఎంత బాగా చేశారో అని మావయ్యకి ఐదు నిమిషాలు చెప్పాను. చెబుతూనే ప్లగ్గు మూత విప్పి, లోపలున్న రెండు మరల్లో ప్లస్ గుర్తున్న దానికి ఎర్ర పోగు, మైనస్ గుర్తున్న దానికి పసుపు పోగు బిగించాను. ఎరుపంటే ప్లస్సు. ఇది బీటెక్‌లో చెప్పే విషయం కూడా కాదు, బ్యాటరీ మార్చే ఆటో డ్రైవరుకి తెలిసిన విషయం.

గుచ్చితే 31 అని చూపించింది. మావయ్య ఫోన్ తీసి వాతావరణం చూశాడు. పలాసలో 31. "సూడండే" అని షెడ్డంతా తిరిగి ఫోన్ ఒక చేత, లాగర్ ఒక చేత పట్టుకుని అందరికీ చూపించాడు. ఆ సెన్సారు మొనని ఒక్కసారి గుప్పిట్లో పట్టుకుని ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఎవరం పట్టుకోలేదు.

లాగర్‌ని స్టైలుగా బోర్మా ఇనప తలుపుకే అతికించాను, వెనక అయస్కాంతం ఉన్నది అందుకే కదా అని. తలుపు వేడెక్కేసరికి తెర మొత్తం కాటుక పూసినట్టు నల్లబడింది. మావయ్య గుండె పట్టుకున్నాడు. ఊడదీసి గాలి తగిలే చోట గోడమేకుకి తగిలిస్తే పది నిమిషాలకి తేరుకుంది. ఇది లెక్కలోకి రాదు, ముందుకి పోదాం.

బోర్మా కింద మంట జీడిపిక్కల తొక్కులతోనే పెడతారు. అందులో నూనె ఉంటుంది కాబట్టి భగ్గున అంటుకుంటాయి. మంట చూసుకునే తాత రెండు గంపలు వేశాడు. తెర మీద 31 కాస్తా 28 అయింది. తర్వాత 24. తర్వాత 15.

"ఏటిరా, తగ్గిపోతంది?"

"సెట్ అవుతోంది మావయ్యా."

ఈ మాట అన్నవాడు ఇంజినీరైతే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. మావయ్య తాత వైపు తిరిగి, "మంట సాల్లేదు, ఇంకో గంప ఎయ్యి" అన్నాడు. తాత వేశాడు. 9 అయింది. ఇంకో గంప. సున్నా అయింది.

తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది, లాగర్ సున్నా చూపించిన క్షణాన బోర్మాలో అసలు వేడి 62. పప్పు పొర తేలిగ్గా ఊడి రావాలంటే బోర్మాలో 60, 70 మధ్య ఉండాలి. అంటే మావయ్య కోరుకున్నది సరిగ్గా కుదిరిన ఆ క్షణంలోనే మేం ఇంకో రెండు గంపలు వేయించాం.

మైనస్ ఎనిమిది.

లంబసింగిలో సున్నాకి పడిందంటే మనవాళ్లు కార్లేసుకుని వెళ్లి, మంకీ క్యాపులు పెట్టుకుని సెల్ఫీలు దిగుతారు. ఇక్కడ మైనస్ ఎనిమిదిలో మా మావయ్య లుంగీ, బనీనుతో చెమటలు కక్కుతున్నాడు. ఆయనకి అనుమానం రాలేదని కాదు. ఒకసారి బోర్మా వైపు, ఒకసారి తెర వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ముగ్గురిలో ఎవరు అబద్ధమాడుతున్నారో తేల్చుకోలేక చివరికి నా మీద గౌరవంతో తాతని తిట్టాడు.

"తలుపు తీసి సూద్దామా?" అన్నాడు తాత.

"వద్దు, డేటా పాడవుతుంది" అన్నాను. నిజంగా అన్నాను.

మైనస్ 31 దగ్గర పప్పు ఏరే మేస్త్రీ అప్ప లేచి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉంది, చేతివేళ్ల మీద జీడి మరకలు ఇక పోవు. ఆవిడ లాగర్ వైపు చూడనే లేదు. నడుముకి కొంగు బిగించి, ముక్కు ఎగబీల్చి, బోర్మా తలుపు లాగింది. ఒక పప్పు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. పొర పొడిపొడిగా రాలింది. లోపల తెల్లగా ఉండాల్సిన గుండు, అంటే విరగని పప్పు, చింతపిక్క రంగులో ఉంది.

"బావూ, నీ మిసన్‌కి సలేస్తంది గానీ పప్పుకి సెమటలు పడతన్నాయి" అంది.

ఎనభై కిలోలు. జీడిపప్పులో డబ్ల్యూ 320 అని ఒక గ్రేడుంటుంది, పౌండుకి దాదాపు 320 గుళ్లు తూగే తెల్ల పప్పు. పొద్దున్న బోర్మాలోకి వెళ్లేటప్పుడు మాది అదే. బయటికొచ్చేసరికి ఎస్‌డబ్ల్యూ, అంటే మాడిన గుళ్లు. ధర అక్కడికక్కడే దిగిపోయింది. మంట తీసేసి, తలుపు తెరిచి, అందరం విసనకర్రలు పట్టుకున్నాం. బోర్మా చల్లబడేకొద్దీ లాగర్ తెర మీద అంకె పెరుగుతోంది. మైనస్ 20, మైనస్ 5, 10. అది చూసి మావయ్య, "ఇప్పుడు ఏడెక్కుతందిరా!" అని కేక పెట్టాడు. నేను గోడ వైపు తిరిగాను.

ఆ రాత్రి డాబా మీద కూర్చుని ఫోన్లో వెతికితే విషయం దొరికింది. రెండు వేరు వేరు లోహాల తీగలు కలిపి, ఆ అతుకు వేడి చేస్తే కొంచెం కరెంటు పుడుతుందని 1821లో సీబెక్ అనే జర్మనీ ఆయన కనిపెట్టాడు. కే టైపులో డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. బోర్మాకీ బయటికీ 40 డిగ్రీల తేడా ఉంటే, పుట్టేది పెన్సిల్ సెల్లులో వెయ్యో వంతు. అంత నలుసు చూసి లాగర్ లెక్క కడుతుంది. తీగలు తిరగేస్తే ఆ నలుసు కూడా తిరగబడుతుంది, వేడి పెరిగితే అంకె తగ్గుతుంది. లోపలా బయటా ఒకే వేడి ఉంటే ఏ నలుసూ పుట్టదు, కాబట్టి ఎటు బిగించినా 31 కరెక్టుగానే చూపిస్తుంది. మావయ్య షెడ్డంతా తిప్పి చూపించింది దాన్నే.

మరి ఎర్ర పోగు? అమెరికా పద్ధతిలో థర్మోకపుల్‌కి ఎరుపంటే మైనస్. ఏ టైపైనా సరే, ఎరుపు మైనస్సే. జపాన్ వాళ్ల పాత పద్ధతిలో ఎరుపు ప్లస్సు, జర్మనీ వాళ్ల పాత పద్ధతిలోనూ ప్లస్సే. ఒక్క అమెరికావాడికే తేడా. వాడికి గోడ మీద స్విచ్చి పైకంటే ఆన్, బండి రోడ్డుకి కుడి పక్క. మనం కిందకి నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, వాడికి ఆగిపోతుంది. వాడు చేసిన తీగ దగ్గర ఆటో డ్రైవరు జ్ఞానం చూపించడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఎరుపు ఎందుకలా పెట్టాడో ఆ పెద్దమనిషి ఎదురుపడితే ఒక మాట అడగాలని ఉంది.

రంగు చెరిగిపోయినా ఏ పోగు ఏదో పట్టుకోవడానికి ఒక చిట్కా ఉందట. మైనస్ పోగు అల్యూమెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. ప్లస్ పోగు క్రోమెల్, అంటుకోదు. అర్ధరాత్రి అయస్కాంతం కోసం ఇల్లంతా వెతికాను. పాత రేడియో విప్పాను, అత్తయ్య పర్సు బటన్ ఊడదీశాను. చివరికి గుర్తొచ్చింది, లాగర్ వీపునే ఉంది కదా. ఎర్ర పోగు దాని దగ్గరికి తీసుకెళ్లగానే టక్కున అతుక్కుంది.

పొద్దున్నే పోగులు మార్చి బిగించాను. పరీక్ష కోసం మావయ్య టీ గ్లాసులో సెన్సారు ముంచితే 31 నుంచి 68కి ఎక్కింది. మావయ్య ఏమీ అనకుండా ఆ టీ తాగేశాడు. కానీ అప్పటికి కార్డు నిండా ముందు రోజు అంకెలే. తీసి ఇస్తూ, పొరపాటున చెరిగిపోకూడదని కార్డు అంచున ఉండే చిన్న తాళాన్ని కిందకి జరిపాను. ఆ రికార్డు ఎవరికీ పంపొద్దని కూడా చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

నాలుగు రోజుల తర్వాత, భోజనాల వేళ, విశాఖ పార్టీ నుంచి ఫోన్. మావయ్య ముద్ద కలుపుతున్నాడు, అందుకని స్పీకర్ పెట్టాడు.

"ఏవండీ, రికార్డు అందిందండీ. నోట్‌బుక్ కంటే బాగుంది. అంకెలు రకరకాలుగా ఉన్నాయి."

"సంతోసం అండీ."

"ఒక్క అనుమానం. సాయంత్రం నాలుగింటికి మైనస్ ముప్పై ఒకటి అని ఉంది. తమది బోర్మానా, ఐసు ఫ్యాక్టరీయా?"

మావయ్య చెయ్యి కంచంలోనే ఆగింది. అత్తయ్య మజ్జిగ గిన్నెతో నిలబడిపోయింది. మావయ్య నా వైపు చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని, ఫోన్ దగ్గరికి వంగాడు.

"అదాండీ... మా మేనల్లుడు బీటెక్కండి."