కచో ఫూగెత్సుకి నీతి అంటగట్టకండి

పోయిన వారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, చేతి మీద టాటూ వేయించుకుంటున్నా. జపనీస్‌లో నాలుగే అక్షరాలు. 'ప్రకృతి అందాన్ని అనుభవించు, అలా నిన్ను నువ్వు తెలుసుకో' అని అర్థమట. నువ్వు నేర్చుకుంటున్నావుగా, తప్పుల్లేకుండా ఉందో లేదో చూసిపెట్టు" అని ఫొటో పంపింది.

అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. కచో ఫూగెత్సు. తప్పల్లా అర్థంలోనే ఉంది.

ఈ అర్థం నాకు కొత్త కాదు. సూర్యాస్తమయం ఫొటో మీద ఆ నాలుగక్షరాలు, కింద ఈ వాక్యం. ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ మాటలో 'అనుభవించు' లేదు, 'తెలుసుకో' లేదు, 'నువ్వు' అసలే లేవు. ఉన్నవి నాలుగు: పువ్వు, పిట్ట, గాలి, చంద్రుడు. కనీసం ఒక క్రియ కూడా లేదు.

మనకీ 'కొండా కోనా', 'వాగూ వంకా', 'చెట్టూ చేమా' ఉన్నాయి. రేపు ఎవరో వచ్చి "కొండా కోనా అంటే ఎత్తులెక్కి నీ లోతు తెలుసుకోమని తెలుగువాళ్ల ప్రాచీన సూక్తి" అని ఫొటోల మీద రాసి పంచితే మనం ఊరుకుంటామా? ఊరుకోం. ఆ మాట వినగానే మన కళ్లకు కట్టే కొండ, ఆ కోన ఏమైపోవాలి?

జపనీస్ నిఘంటువులు కచో ఫూగెత్సుకి చెప్పే అర్థం సూటిగా ఉంటుంది. ప్రకృతిలోని అందమైన దృశ్యాలు ఒకటి. వాటిని చూస్తూ, వాటి మీద కవిత్వం అల్లుతూ, బొమ్మలు గీస్తూ రసికంగా గడపడం ఇంకొకటి. ఈ రెండో అర్థంలో కాస్త దొరతనం కూడా ఉంది. జపాన్ సంప్రదాయ రంగస్థల కళ 'నో' నాటకానికి రూపం తీర్చిన జెఆమి (1363–1443) తన 'ఫూషికదెన్' గ్రంథంలో నటులకు అనుకరణ గురించి చెబుతూ ఈ మాట వాడాడు. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ల తీరుని, కచో ఫూగెత్సుకి చెందిన పనుల్ని వీలైనంత సూక్ష్మంగా అనుకరించాలట. పల్లెటూరి మోటు పనుల్ని మాత్రం అంత వివరంగా చూపొద్దట. కట్టెలు కొట్టేవాడు, గడ్డి కోసేవాడు, బొగ్గులు కాల్చేవాడు, ఉప్పునీళ్లు మోసేవాళ్లు, వీళ్లలో కవిత్వానికి పనికొచ్చే అందం ఉంటే అప్పుడు చూపొచ్చట. ఈ వివక్ష నాకు నచ్చలేదు. కానీ ఆ మాట నిజంగా బతికిన చోటు అది. దాన్ని తుడిచేసి ఒక మెత్తటి ఉపదేశం పూస్తే, మంచీ చెడూ రెండూ పోతాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, 905 ప్రాంతంలో కూర్చిన 'కొకిన్‌షూ' కవితా సంకలనానికి కి నో త్సురయుకి రాసిన ముందుమాట ఉంది. మనుషులు ఎందుకు కవిత్వం చెబుతారో చెబుతూ, పూలని మెచ్చుకోవడం, పిట్టల్ని చూసి అసూయపడటం, పొగమంచుకి కరిగిపోవడం, మంచుబిందువుని చూసి దిగులుపడటం అంటాడాయన. పిట్టని చూసి అసూయ! నేనా వాక్యం దగ్గర ఎంతసేపు ఆగిపోయానో. అక్కడ మనిషి తనని తాను తెలుసుకునే హడావుడిలో లేడు. పిట్ట ఎగిరిపోయింది, ఇతను నేల మీదే ఉండిపోయాడు.

ఆ కవిత్వంలో ఊరికే పువ్వు అంటే చాలావరకు సాకురానే, అంటే చెర్రీ పువ్వే. హైకూలో ఊరికే చంద్రుడు అంటే శరత్కాలపు చంద్రుడు. మన ప్రబంధాల్లో గాలి అనగానే మలయమారుతం, కూత అనగానే కోకిల వచ్చినట్టే. తరాల తరబడి చదివినవాళ్లకి ఒక్క మాట చాలు, రుతువు మొత్తం వచ్చేస్తుంది.

మా పిల్లకి ఇదంతా చెప్పే బదులు నా దగ్గరున్న హనఫుద పేకముక్కలు రెండు ఫొటో తీసి పంపాను. కట్టలో 48 ముక్కలు, నెలకి నాలుగు. ఇప్పుడు వీడియో గేములకి పేరున్న నింటెండో 1889లో క్యోటోలో మొదలైంది ఈ ముక్కలు తయారుచేయడానికే. ఫిబ్రవరి ముక్క మీద ప్లమ్ కొమ్మ, దాని మీద ఉగుయిసు పిట్ట. ఆగస్టుది చూస్తే ఎర్రటి ఆకాశం, నల్లటి గడ్డి గుట్ట, పైన పళ్లెమంత తెల్లటి చంద్రుడు. నా బొటనవేలికంటే కాస్త పెద్ద ముక్కలో అంత రాత్రి పట్టింది.

"మరి గాలేది పిన్నీ?" అంది.

గాలిని ఎలా గీస్తారు? పాతకాలపు జపనీస్ కవి ఫుజివర నో తొషియుకి కవితొకటి చెప్పాను. శరత్కాలం వచ్చిందని కంటికి స్పష్టంగా కనబడటం లేదు, గాలి చప్పుడు విని ఉలిక్కిపడ్డాను అంటాడు. అంతే కవిత. కాసేపు అటునుంచి మాట లేదు.

జపాన్ నుంచి వచ్చిన ప్రతి మాటనీ మన టెన్షన్‌కి మాత్రలా వాడుకోవడం ఆపుదాం. చంద్రుణ్ణి చూడటానికి ఒక లాభం చూపించాలా? మన ఆఫీసు, మన ఈఎంఐలు, మన నిద్రలేమి, వీటి బరువంతా ఆ పిట్ట మీద ఎందుకు మోపాలి?

నిన్న మళ్లీ ఫోన్ చేసింది. టాటూ వేయించుకుంటుందట, అవే నాలుగక్షరాలు. ఎవరైనా అర్థం అడిగితే ఏం చెప్తావన్నాను.

"పువ్వు, పిట్ట, గాలి, చంద్రుడు" అంది.