వైల్డ్ కార్డు నిమిషాన్ని వృథా చేయకండి

అమెరికాలో మ్యూజికల్ థియేటర్ (పాట, మాట, ఆట కలిసిన నాటకం) డిగ్రీ చదవాలనుకునే పిల్లలు ఉన్న ఇళ్లల్లో అక్టోబర్, నవంబర్ నెలలు వీడియోల టెన్షన్‌తోనే గడిచిపోతాయి. మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి, పెన్ స్టేట్ లాంటి యూనివర్సిటీల్లో ఏటా చేర్చుకునేది మహా అయితే పాతిక మందిని. దరఖాస్తులేమో అంతకి ఎన్నో రెట్లు వస్తాయి. అందుకే నేరుగా ఆడిషన్‌కి పిలవకుండా ముందు ప్రీస్క్రీన్ వీడియోలు, అంటే తొలి వడపోతకి ఇంట్లో తీసి పంపేవి, అడుగుతారు. 2019 నుంచి చాలా కాలేజీలు ఒక ఉమ్మడి నమూనా పెట్టుకున్నాయి కూడా. రెండు పాటలు, రెండు మోనోలాగ్‌లు (ఒక్కరే చెప్పే నాటకం మాటలు), కొంచెం డాన్స్, చివర్లో వైల్డ్ కార్డు, అంటే మనకి నచ్చింది చేసి చూపే నిమిషం. కాలేజీని బట్టి, ఏడాదిని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి.

నాకు బాధ కలిగించేది ఈ వీడియోల మీద తల్లిదండ్రులు డబ్బు పెడుతున్న తీరు. స్టూడియో అద్దె, లైట్లు, కెమెరామన్, గంటల లెక్కన ఫీజు తీసుకునే కోచ్. ఎంసెట్‌కీ ఐఐటీకీ కోచింగ్ పెట్టించిన అలవాటే సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది. ఈ పరీక్షకి ఆ పద్ధతి పనికిరాదు. ఫోన్‌తో తీస్తే చాలని చాలా కాలేజీలే చెబుతున్నాయి. పాటలో ఎడిటింగ్ ఉండకూడదు, మొదటి నుంచి చివరి దాకా ఒకే టేక్‌లో పాడాలి. వెనక ఖాళీ గోడ, ముఖం మీద కిటికీ వెలుగు, కదలకుండా అడ్డంగా నిలబెట్టిన ఫోన్ ఉంటే సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది శబ్దం దగ్గర. పియానో ట్రాక్ వచ్చే స్పీకర్ ఫోన్‌కి దగ్గరగా ఉంటే గొంతు మునిగిపోతుంది. మరీ దగ్గర నిలబడి పైస్థాయిలో పాడితే శబ్దం పగిలిపోతుంది. ఈ రెండూ ఒక మధ్యాహ్నం కూర్చుని సరిచేసుకోగలిగినవే, దానికి రూపాయి ఖర్చు లేదు.

పోటీ ఇంత ఉన్నప్పుడు కోచ్ లేకుండా ఎలా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, మంచి గురువు ఉంటే పాట ఎంపికలో మేలు జరుగుతుంది. పదిహేడేళ్ల పిల్ల నలభై ఏళ్ల స్త్రీ వేదనని ఎత్తుకోకుండా ఆపగలిగితే ఆ ఫీజు దండగ కాదు. కానీ ఒకే ఊళ్లో ఒకే కోచ్ దగ్గర తయారైన పిల్లలందరూ ఒకే చోట ఊపిరి తీసుకుని, ఒకే చోట చెయ్యి చాపుతుంటే చూసేవాళ్లకి ఎవరు గుర్తుంటారు?

అసలు విషయం వైల్డ్ కార్డు. నిమిషంలోపు మీకు నచ్చింది ఏదైనా చేసి చూపించమంటారు. జోకు చెప్పినా, గిటార్ వాయించినా, సొంతంగా రాసుకున్నది చదివినా వాళ్లకి సమ్మతమే. నువ్వెవరో చూపించమని నేరుగా అడిగే నిమిషం అదొక్కటే. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్న తెలుగు పిల్ల అక్కడ కూడా ఇంకో బ్రాడ్‌వే (న్యూయార్క్ మ్యూజికల్ నాటకాల) పాటే పెడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎందుకంటే వాళ్లు వెతుకుతున్నది మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. పాడుతూ, మాట్లాడుతూ, ఆడుతూ ఒక పాత్రని నిలబెట్టగల మనిషి వాళ్లకి కావాలి. భామాకలాపంలో సత్యభామ చేసేది అదే కదా. తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువుతో, అంటే పాత్ర రంగం మీదికి వస్తూ పాడే పాటతో, తానెవరో చెప్పుకుని, ఆ వెంటనే మాటల్లోకి దిగుతుంది. పాత కూచిపూడి భాగవతులు ఆ పాటా మాటా తమ నోటితోనే పలికేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలదీ అదే విద్య. హార్మోనియం శ్రుతిలో పద్యం ఎత్తుకున్న నటుడు పాత్ర కోపాన్నో దుఃఖాన్నో వదలకుండా రాగం తీసేవాడు. పాత్ర మనసులోంచి పాట పుట్టాలని మిషిగన్‌లో చెప్పే పాఠానికీ దీనికీ తేడా ఏముంది?

మరి మన పిల్లలకి అది ఎందుకు చేతకావడం లేదంటే, మనం దాన్ని ముక్కలు చేశాం. శనివారం సంగీతం క్లాసు, ఆదివారం నాట్యం క్లాసు. సంగీతం క్లాసులో కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ పాడటం నేర్పుతాం. నాట్యం క్లాసులో స్పీకర్‌లో ఇంకెవరో పాడుతుంటే పెదవులు మాత్రం కదపమంటాం. పన్నెండేళ్లు రెండూ నేర్చుకున్న పిల్ల రెండిటినీ కలిపి ఒక్క నిమిషం చేయలేకపోతే తప్పు ఆ పిల్లది కాదు, నేర్పిన మనది. వాచికాభినయం, అంటే నోటి మాటతో నటించడం, కూచిపూడి ప్రత్యేకత అని రంగప్రవేశం రోజున మైకులో గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజు వేదిక మీద పిల్ల నోట్లోంచి ఒక్క మాట రాదు.

డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ కూచిపూడి నేర్పే గురువులకి నా విన్నపం ఒకటే. వారానికి ఒక్క దరువైనా రికార్డింగ్ ఆపేసి, పిల్లల చేతే పాడిస్తూ ఆడించండి. మొదట్లో ఆయాసం వస్తుంది, శ్రుతి తప్పుతుంది. ఆడుతూ పాడే ఊపిరి సాధనతోనే వస్తుంది, బ్రాడ్‌వే వాళ్లకైనా అంతే. తెలుగు సంఘాలు కూడా తమ పోటీల్లో పాటకొక బహుమతి, నాట్యానికొక బహుమతి ఇచ్చి ఊరుకోకుండా, రెండూ ఒక్కరే చేసే విభాగం పెట్టాలి. ఈ ఏడాది దరఖాస్తు చేస్తున్న పిల్లలకి మాత్రం అంత వ్యవధి లేదు. వాళ్లు ఇప్పుడే స్టూడియో బుకింగ్ రద్దు చేసుకుని, తమకి బాగా వచ్చిన దరువులోంచి నలభై సెకన్లు ఎంచుకుని, హాల్లో సోఫా పక్కకి జరిపి, సొంత గొంతుతో మొదలుపెట్టవచ్చు.